కిక్ కడుపులో తగలాలంటే

ఫెస్ట్ అయిపోయిన మర్నాడు ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "స్టేజీ ముందు నిలబడితే డ్రమ్స్ గుండెలో కొట్టాయి. అదే వీడియో రూమ్‌కొచ్చి చూస్తే అట్టపెట్టె మీద గరిటెతో కొడుతున్నట్టుంది. ఎందుకురా?" మెటల్ బ్యాండ్ వాళ్లకైతే ఈ బాధ ఇంకా ఎక్కువ.

ఫోన్ మైక్ చిన్నది, ఫోన్ స్పీకర్ ఇంకా చిన్నది అనేది సగం సమాధానమే. మంచి మైకులు పెట్టి, మంచి స్టూడియోలో రికార్డ్ చేసినా మెటల్ పాటలో డ్రమ్స్ చప్పబడిపోవడం మామూలే. ఎందుకంటే మెటల్‌లో డిస్టార్షన్ గిటార్ అనేది ఒక గోడ. దాదాపు 100 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ దాకా ఖాళీ లేకుండా, ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అలాంటివి రెండు గిటార్లు, ఒక బేస్, పైన ఒక అరుపు. ఇంత రద్దీలో స్నేర్ దెబ్బ అనేది కొన్ని మిల్లీసెకన్ల సంఘటన. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఎవరో మీ పేరు ఒక్కసారి పిలిచి ఊరుకున్నట్టు.

వాల్యూమ్ పెంచేస్తే సరిపోదా అనిపిస్తుంది. కానీ డిజిటల్ ఆడియోలో 0 డీబీ దగ్గర ఒక పైకప్పు ఉంది. అది దాటితే అల తల తెగిపోతుంది. గిటార్లు అప్పటికే ఆ కప్పుకి ఆనుకుని ఉంటే డ్రమ్ లేవడానికి చోటే ఉండదు. కాబట్టి డ్రమ్ పెద్దగా వినపడాలంటే పక్కనున్నవి కాస్త జరగాలి, దెబ్బకీ దెబ్బకీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. ఆ తేడానే మన చెవికి పవర్‌లా అనిపిస్తుంది. కింద రాసిందంతా ఆ ఖాళీని ఎక్కడెక్కడ సంపాదించొచ్చు అనే దాని గురించే.

ఉదాహరణకి మెటాలికా తీసుకుందాం, అందరికీ దొరికే పాటలు కాబట్టి. డ్రమ్మర్ ఒక్కడే, లార్స్ ఉల్రిక్. 1988లో వచ్చిన 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' వినండి. కిక్ డ్రమ్ టిక్ టిక్ అని పొడిగా, గోరుతో బల్ల మీద కొట్టినట్టు ఉంటుంది. బేస్ గిటార్ అయితే దాదాపు వినపడదు. తర్వాత 1991లో వచ్చిన 'మెటాలికా', అందరూ బ్లాక్ ఆల్బమ్ అంటారు కదా, అది వినండి. అదే మనిషి, కానీ గోదాం తలుపు మూసినట్టు స్నేర్. మధ్యలో ఏం జరిగింది? మోట్లీ క్రూ వాళ్ల 'డాక్టర్ ఫీల్‌గుడ్' ఆల్బమ్ సౌండ్ నచ్చి, దాని ప్రొడ్యూసర్ బాబ్ రాక్‌ని తెచ్చుకున్నారు. లాస్ ఏంజెలిస్‌లోని వన్ ఆన్ వన్ స్టూడియోలో 1990 అక్టోబర్ నుంచి నెలల తరబడి కూర్చున్నారు. డ్రమ్స్ చాలా టేకులు తీసి, టేపు కోసి, మంచి ముక్కలు అతికించారు. బేస్‌ని వెనక్కి తెచ్చారు. కానీ నా ఉద్దేశంలో అసలు మార్పు వేరే. పాటలు నెమ్మదించాయి. 'ఎంటర్ శాండ్‌మాన్' నిమిషానికి దాదాపు 123 బీట్లు. అంటే ఒక బీట్‌కీ ఇంకో బీట్‌కీ మధ్య దాదాపు అర సెకను. ఆ అర సెకనులో స్నేర్ పేలి, గది మోగి, తగ్గడానికి టైమ్ దొరుకుతుంది. 2003లో అదే బాబ్ రాక్, అదే లార్స్ కలిసి 'సెయింట్ యాంగర్' చేశారు. ఈసారి స్నేర్ కింద ఉండే తీగల్ని వదులు చేసి వదిలేశారు. ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టుంటుంది. ఇప్పటికీ దాని గురించి జనం కొట్టుకుంటూనే ఉన్నారు. డ్రమ్మర్, ప్రొడ్యూసర్, పేరు అన్నీ ఒకటే అయినా సౌండ్ ఒకటి కాదు అనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇప్పుడు మన లెక్క. మా కాలేజీ బ్యాండ్ సొంత పాట స్పీడ్ 180. మధ్యలో ఒక చోట డబుల్ పెడల్‌తో బీట్‌కి నాలుగు కిక్కులు. అంటే సెకనుకి 12 దెబ్బలు, ఒక్కో దెబ్బకి 83 మిల్లీసెకన్లు. కిక్ డ్రమ్ అడుగు శబ్దం 60 హెర్ట్జ్ దగ్గర ఉందనుకుందాం. ఆ అల ఒకసారి పైకీ కిందకీ వెళ్లి రావడానికి దాదాపు 17 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే తర్వాతి దెబ్బ పడేలోపు మనకి దొరికేవి ఐదు అలలు. డ్రమ్‌ని స్వేచ్ఛగా మోగనిస్తే అది 300, 400 మిల్లీసెకన్లు మోగుతుంది. నాలుగైదు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడి, వాషింగ్ మెషీన్ తిరుగుతున్న శబ్దం తయారవుతుంది. అందుకే మెటల్ కిక్‌కి రెండు ముక్కలు కావాలి: కింద పొట్టిగా ఆగిపోయే 'ధం', పైన 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ దగ్గర 'టక్'. 'ధం' కడుపుకి, 'టక్' చెవికి. దెబ్బల్ని లెక్కపెట్టేది చెవే. పైగా ఫోన్ స్పీకర్ 60 హెర్ట్జ్‌ని దాదాపు వినిపించదు కాబట్టి ఫోన్‌లో వినేవాడికి మిగిలేది ఆ 'టక్' ఒక్కటే. జస్టిస్ ఆల్బమ్ కిక్‌ని నేను పూర్తిగా తిట్టలేకపోవడానికి కారణం ఇదే. ఆ స్పీడ్‌కి ఆ టక్కు కావాలి. కింద ధం లేకపోవడమే లోటు.

మేము ఎందుకు ఇంత తల బద్దలు కొట్టుకున్నామో కూడా చెప్పాలి. మా డ్రమ్మర్ ఫైనల్ ఇయర్ అన్న. మే తర్వాత బెంగళూరులో ఉద్యోగం, పీజీలో ఉండటం. అక్కడ డ్రమ్ కిట్ పెట్టుకునే చోటుండదు. మూడేళ్లు స్టేజీల మీద వాయించాడు, కానీ ఫోన్ వీడియోలు తప్ప ఒక్క సరైన రికార్డింగ్ లేదు. సెమినార్ హాల్ మాకు ఒకే ఒక్క ఆదివారం దొరికింది, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా. కిట్ అద్దెది. 8 ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఒక సీనియర్ దగ్గర అడిగి తెచ్చాం. రెండో ఛాన్స్ అనేది లేదు.

మొదటి రెండు గంటలు ఒక్క మైక్ కూడా పెట్టలేదు. డ్రమ్ ట్యూనింగే. మనవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. డప్పు వాయించే ముందు మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు కదా, ఇక్కడ మంట బదులు బోల్టులు. స్నేర్‌కి చుట్టూ బోల్టులుంటాయి. ఒక్కో బోల్టు పక్కన, అంచుకి రెండు సెంటీమీటర్ల లోపల పుల్లతో మెల్లగా తట్టి, అన్నిచోట్లా ఒకే శ్రుతి వచ్చేదాకా తిప్పాలి. ఎదురెదురు బోల్టుల్ని తిప్పుకుంటూ పోవాలి, వరసగా కాదు. ఒక్కటి వదులుగా ఉన్నా డ్రమ్ 'వ్యాంవ్' అని ఏడుస్తుంది. ఆ ఏడుపుని కంప్యూటర్‌లో తీయడం మహా కష్టం. స్నేర్ పై హెడ్ ఒక్కటి కొత్తది కొన్నాం. పాత హెడ్‌ని ఎంత బిగించినా దెబ్బలో ఆ చురుకు రాదు. కిక్ లోపల హాస్టల్ దిండు పెట్టాం, కొట్టే వైపు హెడ్‌కి కొద్దిగా తగిలేలా. 400 మిల్లీసెకన్ల మోత అక్కడికక్కడే తగ్గిపోయింది. పెడల్‌కి ఫెల్ట్ తల తీసి ప్లాస్టిక్ వైపు తిప్పాం. 'టక్' సగం అక్కడే వచ్చేసింది.

తర్వాత చేతులు. ఇది చెప్తే డ్రమ్మర్లకి కోపం వస్తుంది గానీ, రికార్డింగ్‌లో మిక్సింగ్ మొదలయ్యేది వాళ్ల చేతుల్లోనే. స్టేజీ మీద ఊపులో సింబల్స్‌ని గట్టిగా బాది, స్నేర్‌ని మామూలుగా కొట్టడం చాలామందికి అలవాటు. సింబల్ శబ్దం ప్రతి మైకులోకీ దూరుతుంది. స్నేర్ మైక్ పెంచితే దాంతోపాటు హై-హ్యాట్ కూడా పెరుగుతుంది. అందుకని అన్నకి ఒకటే మాట చెప్పాం: సింబల్స్ సగం, స్నేర్ పూర్తిగా. ప్రతి స్నేర్ దెబ్బా మధ్యలోనూ అంచు మీదా ఒకేసారి పడాలి, రిమ్‌షాట్ అంటారు. అరగంట ప్రాక్టీస్ తర్వాత హెడ్‌ఫోన్స్‌లో విని, "ఏంట్రా, ఇది నేనేనా?" అన్నాడు. ఇంకా ఏ ఎఫెక్టూ వేయలేదు.

గది గురించి ఎక్కువ లేదు. చప్పట్లు కొట్టి చూడండి. ఎదురెదురు గోడల మధ్య 'ట్ర్ర్ర్' అని తిరిగొస్తే పరుపులు నిలబెట్టండి. ఫ్యాన్లు ఆపండి, ఏసీ ఆపండి, చెమట తుడుచుకోండి.

మైకులు ఎనిమిది. కిక్ లోపల ఒకటి, స్నేర్‌కి పైనొకటి కిందొకటి, ర్యాక్ టామ్‌కి ఒకటి, ఫ్లోర్ టామ్‌కి ఒకటి, తల మీద ఓవర్‌హెడ్స్ రెండు, ఐదు మీటర్ల దూరంలో గది కోసం ఒకటి. స్నేర్ మీద షూర్ ఎస్ఎమ్57 పెట్టాం. 1965 నుంచి ఉన్న మోడల్, కాలేజీ ఫెస్ట్ సౌండ్ వాళ్ల దగ్గర కూడా దొరుకుతుంది. గెయిన్ విషయంలో భయపడి ఎక్కువ పెట్టొద్దు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నప్పుడు అత్యంత గట్టి దెబ్బ మైనస్ 10 దగ్గర ఆగినా ఏ నష్టమూ లేదు. అసలు టేక్‌లో ఆవేశం వచ్చి సౌండ్ చెక్ కన్నా గట్టిగా కొట్టని డ్రమ్మర్‌ని నేనింతవరకూ చూడలేదు.

ఎనిమిది మైకులు పెడితే ఎనిమిది రెట్లు పవర్ రావాలి కదా? రాదు. చాలాసార్లు తగ్గుతుంది. ఇక్కడే ఫేజ్ అనే సంగతి వస్తుంది, దీని దగ్గర కాస్త ఆగాలి. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, అంటే మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు. స్నేర్ పక్కనున్న మైక్‌కి దెబ్బ వెంటనే చేరుతుంది. మీటరు ఎత్తులో ఉన్న ఓవర్‌హెడ్‌కి దాదాపు 2.8 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో అది 134 శాంపిల్స్. మన భాషలో చెప్పాలంటే ఒకే అర్రేని 134 స్థానాలు జరిపి, దానితోనే కూడుతున్నాం. అల పైకి లేచిన చోట దాని కాపీ కిందకి దిగుతుంటే రెండూ కలిసి సున్నా. ఏ ఫ్రీక్వెన్సీలో అలా జరుగుతుంది? 2.8 మిల్లీసెకన్లు సగం అల అయ్యే చోట, అంటే దాదాపు 180 హెర్ట్జ్ దగ్గర. స్నేర్ డ్రమ్ ఒంట్లో కండ ఉండేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే! అందుకే విడివిడిగా బాగున్న రెండు ట్రాకులు కలిపితే స్నేర్ బక్కచిక్కిపోతుంది. అప్పుడు అందరూ ఈక్యూలో 200 పెంచుతారు. లేనిదాన్ని ఎంత పెంచినా ఏమొస్తుంది?

మందు చవకే. ఒక దారం తీసుకుని స్నేర్ మధ్య నుంచి రెండు ఓవర్‌హెడ్స్‌కీ ఒకే దూరం ఉండేలా కొలవండి. కనీసం ఆ రెండూ ఒకదానితో ఒకటి గొడవపడవు, స్నేర్ నడిమధ్యలో నిలబడుతుంది. స్నేర్ కింద మైక్‌కి పొలారిటీ తిప్పండి. పుల్ల పడినప్పుడు పై హెడ్ పైమైక్ నుంచి దూరంగా వెళ్తుంది, కింద హెడ్ కిందమైక్ వైపు వస్తుంది, కాబట్టి రెండు అలలూ తలకిందులుగానే రికార్డవుతాయి. మిగతావి రెండేసి ట్రాకుల చొప్పున కలిపి, పొలారిటీ బటన్ ఒకసారి నొక్కి ఒకసారి వదిలి, ఏది లావుగా వినిపిస్తే అది ఉంచుకోండి. కళ్లతో వేవ్‌ఫామ్ చూడటం కన్నా చెవితో వినడం మేలు. గది మైక్ మాత్రం 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా రావాల్సిందే. హాల్ పెద్దదని చెవికి చెప్పేది ఆ ఆలస్యమే, దాన్ని జరిపి సరిచేయకండి.

మిక్సింగ్‌లో మేము చేసినవి నిజానికి తక్కువ. కిక్‌లో 350 హెర్ట్జ్ దగ్గర బాగా కోశాం. మొదట్లో చెప్పిన అట్టపెట్టె కాపురం ఉండేది ఆ చుట్టుపక్కలే. అది పోగానే 60 దగ్గర ధం, 4 కిలోహెర్ట్జ్ దగ్గర టక్ రెండూ పెంచకుండానే బయటికొచ్చాయి. తర్వాత చెరికాస్త పెంచాం. గిటార్లకి 90 హెర్ట్జ్ కింద అంతా తీసేశాం. గిటారిస్ట్ ఒంటరిగా విని "నా టోన్ చంపేశారు" అని అలిగాడు. పాటంతా కలిపి వినిపిస్తే ఏమీ అనలేదు.

కంప్రెసర్ గురించి ఒక్క ముక్క. చాలామంది అటాక్ టైమ్‌ని సున్నా దగ్గర పెట్టేస్తారు. అంటే దెబ్బ మొదలవగానే దాని తల నొక్కేస్తారు, ఇక పవర్ ఎక్కడుంటుంది? 20 నుంచి 30 మిల్లీసెకన్లు వదిలేయండి. మొదటి చురుకు దాటిపోయాక తోకని నొక్కితే, తలకీ తోకకీ తేడా ఇంకా పెరుగుతుంది. మోత కూడా కావాలంటే డ్రమ్స్ అన్నిటికీ ఒక కాపీ తీసి, దాన్ని దయాదాక్షిణ్యం లేకుండా నొక్కి, అసలు ట్రాక్ కింద పలచగా కలపండి.

ఇక గొడవ జరిగింది శాంపిల్స్ దగ్గర. ఇప్పటి మెటల్ రికార్డింగుల్లో చాలావాటిలో కిక్ దెబ్బ పడిన ప్రతిచోటా ముందే రికార్డ్ చేసిన మంచి దెబ్బ ఒకటి కలుపుతారు, లేదా ఏకంగా మార్చేస్తారు. సెకనుకి 12 దెబ్బలు కాలితో కొడుతుంటే అన్నీ ఒకే బలంతో పడటం మనిషికి కష్టం, గిటార్ గోడ వెనక బలహీనమైనవి మాయమవుతాయి. ప్రోగ్రామ్ సింపుల్: సిగ్నల్ ఒక హద్దు దాటితే ట్రిగ్గర్, తర్వాత 50 మిల్లీసెకన్లు చెవులు మూసుకో. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో స్విచ్‌కి డీబౌన్స్ పెట్టినట్టే.

నేను ఈ మాట ఎత్తగానే అన్న ముఖం మారిపోయింది. "ఎవడో అమెరికాలో కొట్టిన దెబ్బ నా పాటలో పెడితే, ఇక నేనెందుకురా కూర్చుని కొట్టడం? నా గుర్తుగా ఇదొక్కటే కదా మిగిలేది" అన్నాడు. దీనికి నా దగ్గర టెక్నికల్ జవాబు ఉంది కానీ, ఆ ప్రశ్న టెక్నికల్ ప్రశ్న కాదు.

నాకు మెషుగ్గా గుర్తొచ్చింది. స్వీడన్ బ్యాండ్, డ్రమ్మర్ టోమాస్ హాకే ఎంత కష్టమైనవి వాయిస్తాడో మెటల్ వినేవాళ్లకి చెప్పక్కర్లేదు. వాళ్ల 2005 ఆల్బమ్ 'క్యాచ్ థర్టీత్రీ'లో డ్రమ్స్ అన్నీ ప్రోగ్రామ్ చేసినవే. కానీ వాడిన 'డ్రమ్‌కిట్ ఫ్రమ్ హెల్' శాంపిల్స్‌లో దెబ్బలు హాకేవే. "అన్నా, నీ దెబ్బలే నీ కింద పెడదాం" అన్నాను. కాసేపు ఆలోచించి, "స్నేర్ జోలికి రావొద్దు. కిక్ వరకే" అన్నాడు. సరే అన్నాం.

సాయంత్రం నాలుగింటికి టేకులన్నీ అయ్యాక, హాల్ తలుపులు వేసి, గిటార్ వాళ్లని బయటికి పంపి, ఒక్కో డ్రమ్ విడిగా రికార్డ్ చేశాం. ఒక దెబ్బ, పూర్తిగా నిశ్శబ్దమయ్యేదాకా ఆగడం, ఇంకో దెబ్బ. కిక్ 16, స్నేర్ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కలిపి 36, టామ్‌లు తలా 12. అన్ని ఎందుకంటే, ఒకే ఫైల్‌ని సెకనుకి 12 సార్లు ప్లే చేస్తే మెషిన్ గన్ అవుతుంది. చెవి ఆ నకలుని ఇట్టే పట్టేస్తుంది. 16 దెబ్బల్ని మార్చి మార్చి వేస్తే ఒక్కోదానికీ ఒక్కో చిన్న తేడా ఉంటుంది, మనిషి కూర్చున్నట్టే ఉంటుంది. మిక్స్‌లో అసలు కిక్ 60 శాతం, శాంపిల్ 40 శాతం ఉంచాం. డబుల్ పెడల్ దగ్గర మాత్రం సగం సగం. గ్రిడ్‌కి కూడా అతికించలేదు. బాగా తప్పిన నాలుగైదు దెబ్బల్ని మాత్రం జరిపాం.

ఆఖర్న మాస్టరింగ్. ఇంత కష్టపడి సంపాదించిన ఖాళీనంతా ఒక్క లిమిటర్‌తో పోగొట్టుకోవచ్చు. మళ్లీ మెటాలికాయే సాక్షి. 2008లో 'డెత్ మాగ్నెటిక్'ని ఎంత గట్టిగా నొక్కారంటే డ్రమ్ దెబ్బల తలలు తెగి చిటపటమన్నాయి. అదే పాటలు 'గిటార్ హీరో' వీడియో గేమ్‌లో అంత నొక్కకుండా వచ్చాయి. అభిమానులు రెండూ పక్కపక్కన పెట్టి విని, గేమ్‌లోనే డ్రమ్స్ బాగున్నాయని తేల్చారు. మళ్లీ మిక్స్ చేయమని పిటిషన్ కూడా పెట్టారు. ఇప్పుడైతే అంత నొక్కడంలో లాభం కూడా లేదు. స్పాటిఫై లాంటివి అన్ని పాటల్నీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ లెవెల్‌కి తెస్తాయి. మీరు పెంచిందంతా వాళ్లు తగ్గిస్తారు, మిగిలేది తల లేని డ్రమ్ ఒక్కటే. మేము మైనస్ 10 దగ్గర ఆపేశాం. పక్కనున్న కమర్షియల్ పాట కన్నా కాస్త నెమ్మదిగా అనిపిస్తే వాల్యూమ్ బటన్ మీ చేతిలోనే ఉంది.

పాట క్లబ్ డ్రైవ్‌లో ఉంది. దాని పక్కనే ఇంకో ఫోల్డర్ ఉంటుంది, విడి దెబ్బలవి: కిక్ 16, స్నేర్ 36, టామ్‌లు 24, అన్నీ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లు. వచ్చే ఏడాది బ్యాండ్‌కి డ్రమ్మర్ దొరక్కపోతే వాడుకోండి, అన్నని అడిగే పెట్టాం. స్నేర్ ఫైళ్లకి మాత్రం ఆయన ఒక షరతు పెట్టాడు: వాడినవాళ్లు పాట పూర్తయ్యాక ఆయనకి పంపాలి.